పాల తనిఖీ ఖర్చు ఎవరి జేబులోంచి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాల కల్తీ వార్త వచ్చిన ప్రతిసారీ జనం "అధికారులు నిద్రపోతున్నారా?" అంటారు. అధికారులు "మనుషులు లేరు, ల్యాబు చాలదు, నిధులు లేవు" అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆ నిధుల సంగతి మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. తనిఖీకయ్యే ఖర్చును పాల కంపెనీల నుంచే ఫీజుగా రాబట్టాలన్న ఆలోచన మీద తరచూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. చాలావరకు మన దేశం సంగతే. వేరే దేశాలను అవసరమైన చోట మాత్రమే తీసుకొచ్చాను.

మన దగ్గర పాలను తనిఖీ చేసేది ఎవరు?

2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం, డెయిరీలకు ప్రత్యేకంగా 1992 నాటి పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు ఉండేవి. ఇప్పుడవన్నీ ఒకే చట్టం కిందికి వచ్చాయి. ప్రమాణాలు రాసేది ఢిల్లీలోని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. ఊళ్లోకి వచ్చి శాంపిల్ తీసేది ఎక్కువగా రాష్ట్రం నియమించిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు. ఆయన పైన జిల్లాకో డిజిగ్నేటెడ్ ఆఫీసరు, రాష్ట్రానికో ఫుడ్ సేఫ్టీ కమిషనరు ఉంటారు. తెలంగాణలో శాంపిళ్లు నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబొరేటరీకి వెళ్తాయి.

ఊళ్లో పాల కేంద్రం దగ్గర పొద్దున్నే జరిగే పరీక్షను ప్రభుత్వ తనిఖీ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అది వేరు. అక్కడ వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థం) చూసేది రైతుకు ఎంత ధర కట్టాలో తేల్చడానికి. పాలలో యాంటీబయాటిక్ ఉందా, దాణా బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందా అన్నది ఆ మిషన్‌కు పట్టదు.

ఈ తనిఖీల ఖర్చు ఇప్పుడు ఎవరు పెడుతున్నారు?

ఎక్కువ భాగం మనమే, పన్నుల రూపంలో. ఆఫీసర్ల జీతాలు, వాహనాలు, ల్యాబు నడపడం రాష్ట్ర బడ్జెట్లోంచి జరుగుతాయి. ల్యాబుల్లో పెద్ద మిషన్లకు, ఊరూరా తిరిగే పరీక్ష వ్యాన్లకు కేంద్రం కొంత సాయం చేస్తుంది. వ్యాపారులు కట్టే లైసెన్సు ఫీజు కూడా ఉంది. కేంద్ర లైసెన్సు ఫీజు ఎఫ్ఎస్ఎస్ఏఐకి, రాష్ట్ర లైసెన్సు ఫీజు రాష్ట్ర ఖజానాకు పోతాయి. ఖజానాలో పడ్డాక ఆ డబ్బు రోడ్డు గుంత పూడ్చడానికి వెళ్లిందో, పాల శాంపిల్ పరీక్షకు వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. అన్ని నీళ్లూ ఒకే చెరువులోకి చేరాక ఏ వాగు నీళ్లు ఏ మడికి పారాయో ఎవరు చెప్తారు?

అంటే పరిశ్రమ ఇప్పటికే ఫీజు కడుతోంది కదా. మళ్లీ కొత్తగా ఎందుకు?

కడుతోంది. ఎంత కడుతోందో చూద్దాం. 2011 నాటి లైసెన్సు నిబంధనల్లో పాలకు రాసిన ఏడాది ఫీజులు ఇవి. రోజుకు 500 లీటర్ల లోపు చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్, 100 రూపాయలు. 501 నుంచి 10,000 లీటర్ల దాకా రాష్ట్ర లైసెన్సు, 3,000. 10,001 నుంచి 50,000 దాకా 5,000. 50,000 దాటితే కేంద్ర లైసెన్సు, 7,500. ఆ పైన మెట్టు లేదు. రోజుకు 50,001 లీటర్లు ఆడించే ప్లాంటుకూ పది లక్షల లీటర్లు ఆడించే ప్లాంటుకూ అదే 7,500.

లీటరుకు ఎంత పడుతుందో కాగితం మీద వేసి చూశాను. రోజుకు 501 లీటర్లు ఆడించే పల్లె డెయిరీకి ఏడాదిలో 1,82,865 లీటర్లవుతాయి. 3,000 రూపాయలను దానితో భాగిస్తే లీటరుకు దాదాపు 1.64 పైసలు. రోజుకు పది లక్షల లీటర్ల ప్లాంటుకు 7,500ను 36.5 కోట్ల లీటర్లతో భాగించాలి. పైసాలో ఐదు వందల వంతు వస్తుంది. లీటరు లెక్కన చిన్నవాడి భారం పెద్దవాడి కంటే ఎనిమిది వందల రెట్లు ఎక్కువ. రోజుకు నలభై లీటర్లు సైకిల్ మీద పోసే మనిషి కట్టే వంద రూపాయలు కూడా లీటరుకు 0.68 పైసలవుతాయి. పెద్ద ప్లాంటుతో పోలిస్తే మూడు వందల రెట్లకు పైనే.

కాబట్టి నా దృష్టిలో అసలు ప్రశ్న "పరిశ్రమ ఫీజు కట్టాలా వద్దా" కాదు, కడుతూనే ఉంది. ఎవరు, ఏ లెక్కన కట్టాలి, కట్టినది ఎక్కడికి పోవాలి అన్నదే తేలాలి.

ఫీజుకూ పన్నుకూ తేడా ఏమిటి? రెండూ మన దగ్గర లాక్కునేవే కదా?

జేబుకు తేడా తెలియదు, కోర్టుకు తెలుస్తుంది. పన్నుకు బదులుగా ఫలానా సేవ చేయాలని ప్రభుత్వాన్ని నిలదీయలేం. ఫీజుకు మాత్రం కట్టినవాళ్లకూ అందే సేవకూ ఏదో సంబంధం ఉండాలి. ఎంత దగ్గరి సంబంధం అన్న దాని మీద సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసు నుంచి చెబుతూనే ఉంది. మనకు బాగా దగ్గరి కేసు 1983 నాటి శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. మార్కెట్ యార్డుల్లో ఫీజును నూటికి యాభై పైసల నుంచి రూపాయికి పెంచితే వర్తకులు కోర్టుకెక్కారు. పైసకు పైస సరితూగేలా సేవ లెక్క చూపాల్సిన పని లేదు, ఫీజుకూ సేవకూ మధ్య మొత్తం మీద పొంతన ఉంటే చాలు అని కోర్టు ఆ పెంపును నిలబెట్టింది.

పాల తనిఖీ ఫీజుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. డెయిరీల దగ్గర వసూలు చేసి ఆ డబ్బుతో కూరగాయల్లో పురుగుమందులు వెతికితే రేపు కోర్టులో నిలబడదు. పాల దగ్గర తీసుకున్నది పాల మీదే ఖర్చు కావాలి.

చట్టంలో దీనికి చోటుందా, కొత్త చట్టం కావాలా?

చోటుంది. 2006 చట్టంలోని 82వ సెక్షన్ రెండో భాగం చదవండి. కేంద్ర సలహా కమిటీ సిఫారసు మీద లైసెన్సు ఉన్న వ్యాపారుల నుంచి, గుర్తింపు పొందిన ల్యాబుల నుంచి, ఆడిటర్ల నుంచి అంచెలవారీ ఫీజు వసూలు చేయవచ్చని అందులో ఉంది. అంచెలవారీ అంటే పెద్దవాడికి ఎక్కువ, చిన్నవాడికి తక్కువ. మాట రాసి ఉంది, నిచ్చెన మెట్లు మాత్రం 50,000 లీటర్ల దగ్గర ఆగిపోయాయి.

కంపెనీ కట్టిన డబ్బుతో జీతం తీసుకునే అధికారి కంపెనీని పట్టుకుంటాడా?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మన పెద్దలు నేర్పారు. తనిఖీలో ఆ నీతే కొంప ముంచుతుంది.

కంపెనీ డబ్బు తనిఖీలోకి రావడానికి రెండు దారులున్నాయి. జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటి దారిలో కంపెనీ తానే ఆడిటర్‌ను ఎంచుకుని, తానే డబ్బిచ్చి, రిపోర్టు తీసుకుంటుంది. నచ్చకపోతే వచ్చే ఏడాది ఇంకొకర్ని పెట్టుకుంటుంది. రెండో దారిలో కంపెనీలన్నీ ఒక నిధికి కడతాయి. ఎవరు ఎప్పుడు ఏ ప్లాంటుకు వెళ్లాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. తన దగ్గరికి ఎవరొస్తారో కంపెనీకి తెలియదు, వచ్చినవాడికి తన జీతంలో ఏ రూపాయి ఏ కంపెనీదో తెలియదు.

మొదటి దారి ఎక్కడికి పోతుందో అమెరికాలో 2008–09లో తేలింది. పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే వేరుశనగ కంపెనీకి, అది డబ్బిచ్చి పిలిపించుకున్న ఆడిటర్ "సుపీరియర్" అని రాసిచ్చాడు. అదే కంపెనీ సరుకు నుంచి పాకిన సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో తొమ్మిది మంది చనిపోయారు, ఏడు వందల మందికి పైగా జబ్బు పడ్డారు. కంపెనీ అధిపతికి 2015లో 28 ఏళ్ల జైలు శిక్ష పడింది.

మన దగ్గర కూడా 2018 నాటి ఆడిటింగ్ నిబంధనల కింద డెయిరీల వంటి వాటికి మూడో పక్షం ఆడిట్ ఉంది. ఆడిటింగ్ సంస్థలకు గుర్తింపునిచ్చేది ఎఫ్ఎస్ఎస్ఏఐ. ఫీజు ఇచ్చేది మాత్రం ఆడిట్ చేయించుకునే కంపెనీ. ఆడిటర్లందరూ చెడ్డవాళ్లని నేననను. ఆ ఏర్పాటులో ఉన్న ఒరుగుదలే నాకు నచ్చనిది.

డబ్బు మాటే లేకుండా కూడా తనిఖీ చచ్చిపోవచ్చు. చైనాలో శాన్లూ కంపెనీ సరుకుకు "తనిఖీ అక్కర్లేదు" అనే జాతీయ హోదా ఉండేది. ప్రోటీన్ పరీక్ష చూసేది నత్రజనినే కాబట్టి, అది ఎక్కువగా ఉండే మెలమైన్‌ను పాలలో కలిపి ప్రోటీన్ ఎక్కువ చూపించారు. 2008లో ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, మూడు లక్షల మంది దాకా జబ్బు పడ్డారు. ఆ హోదా పద్ధతిని ఆ ఏడాది సెప్టెంబరులోనే రద్దు చేశారు. అక్కడ కొంప ముంచింది ఫీజు కాదు, పెద్ద పేరుంటే తలుపు తట్టక్కర్లేదన్న నమ్మకం.

వేరే దేశాలు ఎలా చేస్తున్నాయి?

యూరోపియన్ యూనియన్‌లో ఇది చట్టం. 2017లో వచ్చిన 625వ నంబరు నిబంధన 79వ అధికరణ ప్రకారం కొన్ని తనిఖీలకు ఫీజు తప్పనిసరి. సభ్య దేశం అసలు ఖర్చునే లెక్కగట్టి వసూలు చేయవచ్చు, లేదా అనుబంధంలో రాసిన రేట్లు తీసుకోవచ్చు. పాల ఉత్పత్తికి ఆ రేటు మొదటి 30 టన్నులకు ఒక యూరో, ఆ పైన టన్నుకు అర యూరో. యూరోను సుమారు వంద రూపాయలనుకుంటే ఆ పై రేటు లీటరుకు దాదాపు ఐదు పైసలు. నాకు ఇందులో నచ్చింది రేటు కాదు. తక్కువ సరుకు ఆడించేవాళ్లకు, పాత పద్ధతుల్లో చేసేవాళ్లకు, మారుమూల ప్రాంతాలవాళ్లకు తగ్గించే వీలు అదే అధికరణలో రాసిపెట్టారు. ఇంతవరకు నియమాలు పాటించిన రికార్డును కూడా చూడమన్నారు. ఫీజు ఎలా లెక్కగట్టారో జనానికి తెలియజేయాలన్న నియమం కూడా ఉంది.

అమెరికాలో "మిల్క్ ఆర్డినెన్సు" అనే పాల నియమాల నమూనా 1924 నుంచి ఉంది. ఫెడరల్ ప్రభుత్వం నమూనా రాస్తుంది, రాష్ట్రాలు అమలు చేస్తాయి. గ్రేడ్ ఏ (తాగే పాల రకం) పాల ఫారాన్ని కనీసం ఆరు నెలలకోసారి, ప్లాంటును మూడు నెలలకోసారి చూడాలి. ఖర్చును కొన్ని రాష్ట్రాలు బడ్జెట్లోంచి, కొన్ని డెయిరీల ఫీజుల్లోంచి, చాలాచోట్ల రెండూ కలిపి పెడతాయి. అక్కడి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ప్లాంటుకు వచ్చిన ప్రతి పాల ట్యాంకరునూ ఆ పాలను ప్రాసెస్ చేసే ముందు కంపెనీ తన ఖర్చుతో యాంటీబయాటిక్ పరీక్ష చేయాలి. తేడా వస్తే ట్యాంకరు మొత్తం పారబోయాల్సిందే, ఏ ఫారం పాలతో చెడిందో వెతికి పట్టుకుంటారు. రోజువారీ పరీక్ష కంపెనీది, ఆ పరీక్ష సరిగా జరుగుతోందా అని చూసేది ప్రభుత్వం.

న్యూజిలాండ్ పాల ఎగుమతుల మీద బతికే దేశం. అక్కడ తనిఖీ ఖర్చును పరిశ్రమే భరించడం చాలాకాలంగా మామూలు.

సరే, మన దగ్గర లీటరుకు ఒక పైసా పెడితే ఏమవుతుంది?

ఇది నా ఊహ, ప్రభుత్వ ప్రతిపాదన కాదు. రోజుకు 10,000 లీటర్లు దాటిన ప్లాంట్ల మీద మాత్రమే పెడదాం. పది లక్షల లీటర్ల ప్లాంటుకు రోజుకు 10,000 రూపాయలు, ఏడాదికి 36.5 లక్షలు అవుతుంది. 2011 నిబంధనల లెక్కలో కట్టేది 7,500. పదివేల లీటర్లను కాస్త దాటిన ప్లాంటుకు ఏడాదికి 36,500 చిల్లర. ఇంటికి రోజూ లీటరు కొనుక్కునే కుటుంబం మీద, కంపెనీ మొత్తం భారాన్ని నెట్టినా, ఏడాదికి మూడు రూపాయల అరవై ఐదు పైసలు పడుతుంది. ప్యాకెట్ ధర పెరిగిన ప్రతిసారీ లీటరుకు రెండేసి రూపాయలు పెరగడం చూస్తూనే ఉన్నాం. ఆ పక్కన పైసా ఎంత?

చివరికి ఆ భారం పాడి రైతు నెత్తిన వేయరా?

వేసే ప్రమాదం ఉంది, దాచడం ఎందుకు? కంపెనీకి ఖర్చు పెరిగితే రెండు తలుపులు కనిపిస్తాయి. ఒకటి కొనుగోలుదారుడి ఇల్లు, రెండోది రైతు పాక. రైతు పాక తలుపు తోయడం తేలిక. గేదె పొద్దున్నా సాయంత్రమూ పాలిస్తుంది, ఆ పాలను రేపటికి దాచుకోలేం, ఊళ్లో ఉన్నది ఒకటో రెండో కేంద్రాలు. మా ఇంట్లో కూడా పాలు పోసినన్నాళ్లూ "వెన్న తగ్గింది" అన్న మాటకు ఎదురు చెప్పిన రోజు నాకు గుర్తులేదు. మిషన్ వాళ్లది, పుస్తకం వాళ్లది.

అందుకే ఫీజు అమ్మిన పాల మీద ఉండాలి, కొన్న పాల మీద కాదు. రైతుకు ఇచ్చే చీటీలో ఈ ఫీజు పేరుతో కోత పెట్టకూడదని నిబంధనలోనే రాయాలి. సహకార డెయిరీల్లో ఇది ఇంకాస్త చిక్కు, ఎందుకంటే అక్కడ సంఘమే రైతులది. లాభం తగ్గితే బోనస్ తగ్గుతుంది. ములుకనూరు మహిళా డెయిరీ లాంటి సంఘాలనూ షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీలనూ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం. సభ్యుల పాలే ఆడించే సహకార సంఘానికి సగం రేటు పెట్టవచ్చు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. సహకార సంఘంలో సభ్యుడై మొత్తం పాలను సంఘానికే పోసే రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఇప్పటి నిబంధనల్లోనే ఉంది.

విడి పాల సంగతి? ఫీజు కట్టేది ప్యాకెట్ కంపెనీలు, కల్తీ అంతా విడి పాలలో కాదా?

అంతా విడి పాలలోనే అన్న నమ్మకాన్ని పక్కన పెట్టండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 మే నుంచి అక్టోబరు దాకా 1,103 పట్టణాల్లో 6,432 పాల శాంపిళ్లు తీయించింది. వాటిలో అరవై శాతం దాకా విడి పాలు, మిగతావి ప్యాకెట్లు. మొత్తంలో 93 శాతం తాగడానికి సురక్షితమని తేలింది. వెన్న, ఎస్ఎన్ఎఫ్ లాంటి నాణ్యత లెక్కల్లో 41 శాతం దాకా ఏదో ఒకచోట తప్పాయి. ప్రాణానికి ముప్పు తెచ్చే కల్తీ దొరికింది 12 శాంపిళ్లలోనే. చెప్పుకోవడానికి బాధగా ఉన్నా, ఆ పన్నెండులో తొమ్మిది తెలంగాణవి. ఒక్క సర్వేలో తొమ్మిది శాంపిళ్లను పట్టుకుని రాష్ట్రం పాలన్నీ విషమనడం తప్పు. కానీ ఆ తొమ్మిదింటినీ తేలిగ్గా తీసేయడం అంతకంటే తప్పు.

ఇక అఫ్లాటాక్సిన్ ఎం1 మోతాదు దాటినవి 368, అంటే 5.7 శాతం. అది విడి పాలలో కంటే ప్యాకెట్ పాలలోనే ఎక్కువగా కనిపించింది.

డబ్బు విషయానికొస్తే, విడి పాలవాళ్ల దగ్గర ఫీజు వసూలు చేయడం పచ్చి అన్యాయం, పైగా ఆచరణలో కుదరదు. వాళ్ల తనిఖీ పన్నుల డబ్బుతోనే జరగాలి. డెయిరీల ఫీజును అటు మళ్లిస్తే ముందు చెప్పిన కోర్టు చిక్కు వస్తుంది. డెయిరీల తనిఖీ ఫీజు మీద నడిస్తే బడ్జెట్లో కొంత సొమ్ము మిగులుతుంది, దాన్ని విడి పాల మీద పెట్టవచ్చు. అంతకంటే సూటి దారి నాకు తోచలేదు.

డబ్బు వస్తే నిజంగా ఏం మారుతుంది? ఉన్న ఆఫీసర్లే సరిగా పనిచేయడం లేదు కదా?

ఆఫీసరు కంటే ముందు ల్యాబు సంగతి చూడండి. 2017లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన రిపోర్టులో 72 రాష్ట్ర ఫుడ్ ల్యాబుల్లో 65కు ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు లేదని రాశారు. గుర్తింపు లేని ల్యాబు రిపోర్టు పట్టుకుని కోర్టుకెళ్తే అవతలి లాయరు మొదట పీకేది అదే. ఆ తర్వాత కొంత బాగుపడిన మాట నిజం. 2016లో స్వామి అచ్యుతానంద తీర్థ కేసులో సుప్రీంకోర్టు కూడా ల్యాబులకు గుర్తింపు తేవాలని, పరీక్ష వ్యాన్లు పెట్టాలని, కల్తీకి అవకాశమున్న ప్రాంతాలను గుర్తించి అక్కడ ఎక్కువ శాంపిళ్లు తీయాలని రాష్ట్రాలకు చెప్పింది.

అఫ్లాటాక్సిన్ పుట్టేది పాలలో కాదు, దాణాలో. పత్తి గింజల చెక్క, తెలగపిండి, మొక్కజొన్న చెమ్మకు బూజు పడితే అందులో బీ1 అనే విషం పుడుతుంది. గేదె అది తింటే పాలలోకి ఎం1గా దిగుతుంది. కాచినా పోదు. మన పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. అంత సన్నని మోతాదును లాక్టోమీటరూ పట్టదు, నాలుకా పట్టదు. కచ్చితంగా తేల్చి కోర్టులో నిలబెట్టాలంటే కోట్లలో పలికే మిషన్లు, వాటికి రీఏజెంట్లు, నడిపే మనిషి, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు కావాలి. మిషన్ ఒక్కసారి గ్రాంటులో వస్తుంది. నడిపే ఖర్చు ప్రతి ఏడాదీ రావాలి. బడ్జెట్ ఆ రెండో పనిలోనే చతికిలపడుతుంది. ఏటా ఠంచనుగా వచ్చే ఫీజు అక్కడ అక్కరకొస్తుంది.

చట్టం ప్రకారం ల్యాబులో పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టు శాంపిల్ అందిన 14 రోజుల్లో రిపోర్టివ్వాలి. పాల ప్యాకెట్ మీద రాసే గడువు రెండు రోజులు. ఆ రిపోర్టు వచ్చేసరికి ఆ పాలు తాగిన పిల్లవాడు బడికి పదిసార్లు వెళ్లొచ్చి ఉంటాడు.

జరిమానాలన్నీ తనిఖీ శాఖకే ఇచ్చేస్తే ఫీజు గొడవే ఉండదు కదా?

వద్దు. నాసిరకానికి ఐదు లక్షల దాకా, తప్పుడు లేబుల్‌కు మూడు లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఆ సొమ్ము వేసినవాళ్ల ఖాతాకే పోతే ఏమవుతుందో ట్రాఫిక్ చలానాల లక్ష్యాల గురించి వినే ఎవరికైనా తెలుసు. తప్పు లేని చోట తప్పు వెతుకుతారు. పెద్ద లాయరున్నవాడిని వదిలి లాయరు లేనివాడి దగ్గర పుస్తకం తెరుస్తారు. జరిమానా ఖజానాకే పోవాలి.

తనిఖీకి వచ్చిన ప్రతిసారీ ఇంత అని వసూలు చేస్తే?

అదీ వద్దు. ఆఫీసరు గేటు దాటితే బిల్లు పడుతుందంటే రాకుండా చూసుకోవడానికి కంపెనీ ఏదైనా చేస్తుంది. మొదటి తనిఖీలో ఫెయిలైన ప్లాంటుకు రెండోసారి వెళ్లాల్సి వస్తే మాత్రం ఆ ఖర్చు వాళ్ల దగ్గరే తీసుకోవడం న్యాయం. అమెరికా 2011 ఆహార భద్రత చట్టంలో ఇలాంటి మళ్లీ తనిఖీకి ఫీజు పెట్టింది.

కంపెనీలకు సొంత ల్యాబులున్నాయి. ప్రభుత్వం మళ్లీ పరీక్షించడం ఎందుకు?

ఉన్నాయి, చాలావాటిలో ప్రభుత్వ ల్యాబుల కంటే మంచి మిషన్లున్నాయి. ఆ ల్యాబు రిపోర్టు ఎవరి బల్ల మీదికి పోతుందన్నదే తేడా. పాడైన ట్యాంకరు కనబడితే కంపెనీ దాన్ని వెనక్కి పంపుతుంది. వెనక్కి వెళ్లిన ట్యాంకరు ఎక్కడికి పోయింది? వేరే ఊళ్లో వేరే ప్లాంటుకా? ఆ సమాచారం ప్రభుత్వానికి అందే నియమం గట్టిగా ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

పాల మీద జీఎస్టీ కట్టడం లేదా? అందులోంచి తీయవచ్చు కదా?

మామూలు ప్యాకెట్ పాల మీద జీఎస్టీ లేదు.

ఆఫీసరు శాంపిల్ తీస్తే ఆ పాల డబ్బులు ఎవరిస్తారు?

ఆఫీసరే ఇవ్వాలి, మామూలు అమ్మకం ధరకు. చట్టంలోనే ఉంది. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. పాలు చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు వెళ్తాయి. నాలుగో భాగాన్ని గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపమని వ్యాపారి అడగవచ్చు. రెండు రిపోర్టులూ కలవకపోతే రిఫరల్ ల్యాబు మాటే చివరిది. ఈ హక్కు ఉందని తెలియని చిన్న వ్యాపారులు చాలామంది. తెలిసినవాళ్లకు చెప్పండి.

మా ఇంటికొచ్చే పాల మీద అనుమానం. నేనే పరీక్ష చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. 40వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషి నిర్ణీత రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే అమ్మినవాడికి ఆ మాట చెప్పాలి, అది మరిచిపోవద్దు. పాలు ప్రమాణాలకు తగ్గవని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. ప్రభుత్వ పరీక్షకు సామాన్యుడు ముందుగా డబ్బు కట్టాలి, కోట్ల లీటర్లు ఆడించే ప్లాంటు ఏడాది మొత్తానికి 7,500 కట్టాలి. ఇందాకటి లెక్కతో కలిపి చూసుకోండి.

పిండి కలిపారన్న అనుమానమైతే చల్లారిన పాలలో రెండు చుక్కలు అయోడిన్ వేయండి, నీలం రంగు వస్తే కలిపినట్టే. డిటర్జెంట్ అనుమానమైతే సీసాలో సగం పాలు, సగం నీళ్లు పోసి గట్టిగా ఊపండి. దట్టమైన నురగ నిలిచిపోతే జాగ్రత్తపడండి. యూరియా, యాంటీబయాటిక్, అఫ్లాటాక్సిన్ ఈ ఇంటి చిట్కాలకు దొరకవు. ఫిర్యాదుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ నంబరు 1800112100.

నేను రోజుకు మూడు వందల లీటర్ల చిన్న డెయిరీ పెట్టాలనుకుంటున్నాను. ఈ ఫీజుల గొడవ నాకు వర్తిస్తుందా?

500 లీటర్ల లోపు కాబట్టి 2011 నిబంధనల లెక్కలో మీకు రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి వంద రూపాయలు. దరఖాస్తు ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్‌కాస్ వెబ్‌సైట్లో మీరే చేసుకోవచ్చు. పెట్టే ముందు ఆ రోజు సైట్లో ఉన్న ఫీజు, పరిమితి చూసుకోండి. మధ్యలో ఎవరైనా "ఐదు వేలిస్తే చేసి పెడతా" అంటే అది ప్రభుత్వ ఫీజు కాదని గుర్తుంచుకోండి. రెండేళ్లలో 500 దాటుతామనుకుంటే లైసెన్సుకు అడిగే షెడ్డు, నీళ్లు, కూలరు ఏర్పాట్లు ఇప్పుడే సరిచూసుకుని కట్టుకోండి. తర్వాత గోడ కొట్టి డ్రైనేజీ వేయడం కంటే అదే చవక.

దీని మీద ఎవరికి రాయాలి?

లైసెన్సు ఫీజు రేట్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లోవి. తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ సొంతంగా మార్చలేవు. నిబంధన మార్చే ముందు ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతారు, అప్పుడు కంపెనీల సంఘాలు పేజీలకు పేజీలు రాస్తాయి. పాలు తాగేవాళ్ల నుంచి, పాలు పోసేవాళ్ల నుంచి వెళ్లే కాగితాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాష్ట్రం చేతిలో ఉన్నది వేరే. తనకు వచ్చే లైసెన్సు ఫీజును వేరే పద్దులో చూపించడం, ఏడాదిలో ఎన్ని పాల శాంపిళ్లు తీశారో, ఎన్ని ఫెయిలయ్యాయో, ఎన్ని కేసులు తేలాయో జిల్లాల వారీగా బయటపెట్టడం. ఈ మూడు లెక్కలూ ఇమ్మని సమాచార హక్కు కింద మీ జిల్లా డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.